పెద్దప్రేగు పరీక్ష సరిగా జరిగిందని ఎలా తెలుస్తుంది?



"కొలనోస్కోపీ చేయించుకున్నాం సిస్టరమ్మా, నార్మల్ అన్నారు. ఇక భయం లేదు కదా?" అని మమ్మల్ని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. తెనాలి టౌను నుంచీ, బాపట్ల వైపు నుంచీ, రేపల్లె లంక గ్రామాల నుంచీ వచ్చేవారు ఈ మాట అడుగుతున్నారు. ముందు ఆ రిపోర్టు తీసి చూపించండి అని మేము అంటాము. చాలామంది ఆఖరి లైను మాత్రమే చదివించుకుని కాగితం మడిచి పెట్టేస్తారు. ఆ ఆఖరి లైనును ఎంతవరకు నమ్మవచ్చో పైనున్న నాలుగైదు లైన్లు చెబుతాయి. ఆ లైన్లను ఎలా చదవాలో, ఆసుపత్రులు ఈ పరీక్ష నాణ్యతను ఎలా కొలుస్తాయో, అందులో రోగి చేతిలో ఉన్నది ఎంతో ఈ సంచికలో వివరిస్తున్నాము.

పరీక్ష ఎందుకు? ఎవరికి?

మన పెద్దప్రేగు సుమారు అయిదు అడుగుల పొడవు ఉంటుంది. చివర కెమెరా ఉన్న మెత్తని గొట్టాన్ని మలద్వారం నుంచి లోపలికి పంపి, ప్రేగు మొదలు వరకు వెళ్ళి, నెమ్మదిగా వెనక్కి తీస్తూ గోడలన్నీ చూడటమే కొలనోస్కోపీ. ఈ చూపులో ముఖ్యంగా వెతికేది పాలిప్స్‌ను. పాలిప్ అంటే ప్రేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండ. కందిగింజంత ఉండవచ్చు, రేగుపండంత ఉండవచ్చు. అన్నీ చెడ్డవి కావు. అడినోమా అనే రకం పాలిప్స్‌లో కొన్ని ఏళ్ళ తరబడి, చాలాసార్లు పదేళ్ళకు పైగా, పెరిగి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. అదే గొట్టంలో నుంచి ఒక తీగ ఉచ్చును పంపి పాలిప్‌ను కోసి తీసివేయవచ్చు. ఈ పద్ధతిని 1969లో న్యూయార్క్‌లో డాక్టర్ వుల్ఫ్, డాక్టర్ షిన్యా మొదలుపెట్టారు. ఇలా పాలిప్స్ తీయించుకున్నవారిలో పెద్దప్రేగు క్యాన్సర్, రావలసిన దానికన్నా 76 నుంచి 90 శాతం తక్కువగా వచ్చిందని 1993లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చూపింది. క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడమే కాదు, రాకుండా ఆపగల పరీక్షలు చాలా కొద్ది. ఇది వాటిలో ఒకటి. అయితే ఆ మేలు డాక్టరు కంటికి కనబడిన పాలిప్ విషయంలోనే. కనబడనిది లోపలే ఉండి పెరుగుతుంది.

అమెరికాలో ఏ బాధా లేకపోయినా 45 ఏళ్ళు దాటినవారికి పెద్దప్రేగు పరీక్ష చేయించుకొమ్మని చెబుతారు. మన దేశంలో అటువంటి నియమం లేదు. 2016 నుంచి ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవారికి నడుపుతున్న క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఈ మూడింటికే. పెద్దప్రేగు క్యాన్సర్ మన దగ్గర పాశ్చాత్య దేశాల కంటే తక్కువ కాబట్టి ఇది అర్థం చేసుకోదగిన విషయమే. కనుక మన ప్రాంతంలో ఈ పరీక్షకు వచ్చేవారిలో ఎక్కువమంది ఏదో ఒక లక్షణంతో వస్తారు. మలంలో రక్తం, కొత్తగా మొదలై తగ్గని మలబద్ధకం లేక విరేచనాలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం, టానిక్కులు తాగినా తగ్గని రక్తహీనత. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో, బిడ్డలకో పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం లక్షణం కోసం ఎదురు చూడకూడదు. 40 ఏళ్ళకు, లేదా ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు చేయించుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేము. బస్టాండుల దగ్గర గోడల నిండా "మొలలు, భగందరం ఆపరేషన్ లేకుండా నయం" అనే బోర్డులు మీరందరూ చూసేవే. రక్తం పడితే మొలలే అని ఇంట్లోనే తేల్చుకుని, అటువంటి చోట ఇంజెక్షన్లు చేయించుకుంటూ ఏడాది, రెండేళ్ళు గడిపి మా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు. మొలలు ఉన్నవారికి లోపల పాలిప్ ఉండకూడదని ఏమీ లేదు. రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు.

అందరి చూపూ ఒకటి కాదు

స్కానింగ్ అయినా, రక్తపరీక్ష అయినా ఎక్కడ చేయించినా ఇంచుమించు ఒకటే అనుకుంటాము. కొలనోస్కోపీ అలా కాదు. ఇది చేసేవారి చేతి నేర్పు మీద, ఓపిక మీద, ప్రేగు శుభ్రత మీద ఆధారపడే పరీక్ష.

2014లో అమెరికాలోని కాలిఫోర్నియాలో 136 మంది నిపుణులు చేసిన మూడు లక్షలకు పైగా పరీక్షలను లెక్కవేశారు. అందరూ అర్హత ఉన్న డాక్టర్లే. అందరికన్నా తక్కువగా కనుగొన్న డాక్టరుకు నూటికి ఏడుగురిలో అడినోమా దొరికింది. అందరికన్నా ఎక్కువగా కనుగొన్నవారికి నూటికి యాభైమందికి పైగా! రోగుల్లో అంత తేడా ఉండదు కదా. తేడా చూడటంలో ఉంది. ఆ డాక్టర్ల దగ్గర "ఏమీ లేదు" అనిపించుకుని వెళ్ళినవారిలో తరువాత ఎంతమందికి క్యాన్సర్ వచ్చిందో కూడా చూశారు. డాక్టరు అడినోమా కనుగొనే శాతం ఒక్కటి పెరిగితే, తరువాత క్యాన్సర్ వచ్చే ముప్పు మూడు శాతం చొప్పున తగ్గింది. అంతకు ముందే 2010లో పోలండ్ దేశంలో 45 వేల మంది మీద జరిగిన అధ్యయనమూ ఇదే చెప్పింది. అందుకే ప్రపంచమంతటా ఈ పరీక్షకు "అడినోమా కనుగొన్న శాతం" అన్నదే పెద్ద కొలబద్ద అయింది.

రెండవది సమయం. గొట్టం లోపలికి పంపేటప్పుడు కన్నా వెనక్కి తీసేటప్పుడే డాక్టరు గోడలను నిదానంగా చూస్తారు. అమెరికాలో ఒక ఊరిలో 12 మంది డాక్టర్ల పనిని గడియారం పెట్టి చూసి 2006లో ప్రచురించారు. సగటున ఆరు నిమిషాలకు పైగా తీసుకున్నవారికి నూటికి 28 మందిలో అడినోమాలు దొరికితే, ఆరు నిమిషాల లోపే ముగించినవారికి 12 మందిలోనే దొరికాయి. అప్పటి నుంచి ఆరు నిమిషాలు అన్నది ఒక నియమంలా నిలిచింది. 2024లో అమెరికా వైద్య సంఘాలు దానిని ఎనిమిది నిమిషాలకు పెంచాయి.

మూడవది గొట్టం చివరి వరకు వెళ్ళిందా లేదా అన్నది. పెద్దప్రేగు మొదలయ్యే సంచి లాంటి చోటును సీకం అంటారు. మన కడుపులో కుడివైపు కింద, అపెండిక్స్ ఉండే చోటు అది. అక్కడిదాకా వెళ్ళకపోతే కుడివైపు ప్రేగు చూడనట్టే. ఈ విషయంలో ఇంగ్లండులో జరిగినది మాకు చాలా నచ్చిన కథ. అక్కడ 68 ఆసుపత్రి విభాగాల్లో జరిగిన తొమ్మిది వేలకు పైగా పరీక్షలను లెక్కచూసి 2004లో బయటపెట్టారు. రికార్డుల ప్రకారం 77 శాతం చివరి వరకు వెళ్ళినట్టు రాసి ఉంది. నిజంగా వెళ్ళారనడానికి సరైన ఆధారం ఉన్నవి మాత్రమే లెక్కవేస్తే 57 శాతం! పేరున్న ఆసుపత్రులున్న దేశంలో ఇదీ పరిస్థితి. దానిని దాచలేదు. అచ్చు వేశారు. ఆ తరువాత శిక్షణా కేంద్రాలు పెట్టారు. ప్రతి విభాగమూ తన అంకెలు తానే రాసుకుని చూపించాలని నియమం చేశారు. 2011లో మళ్ళీ దేశమంతటా 20 వేల పరీక్షలు లెక్కచూస్తే 92 శాతం పైన చివరి వరకు చేరాయి. పరీక్ష చేయించుకున్నాక మూడేళ్ళ లోపు బయటపడే క్యాన్సర్లు కూడా ఆ దేశంలో 2005లో 9 శాతం ఉన్నవి 2013 నాటికి 6.5 శాతానికి తగ్గాయి.

నర్సులమైన మాకు ఇందులో కొత్త ఏమీ లేదు. మా ఫ్లోరెన్స్ నైటింగేల్ గారిని అందరూ దీపం పట్టుకున్న బొమ్మలోనే చూస్తారు గాని, ఆమె అంతకన్నా ఎక్కువగా చేసిన పని లెక్కలు రాయడం. ఏ వార్డులో ఎంతమంది, ఏ కారణంతో చనిపోయారో పట్టికలు వేసి ప్రభుత్వాన్ని నిలదీశారు. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో చేరిన మొదటి స్త్రీ ఆమే.

మన దగ్గర ఆ అంకెలు సరిపోతాయా?

సగం సరిపోతాయి, సగం సరిపోవు. అమెరికా వారు 2015లో నూటికి 25 మందిలో అడినోమా దొరకాలన్నారు, 2024లో దానిని 35 చేశారు. ఆ అంకె అక్కడి 45 ఏళ్ళు దాటిన ప్రజలకు పెట్టినది. మన ప్రజల్లో పాలిప్స్ తక్కువ. పైగా మన దగ్గరకు ముప్పై ఏళ్ళ వారు కూడా కడుపునొప్పితో, విరేచనాలతో వచ్చి ఈ పరీక్ష చేయించుకుంటారు. అందరినీ కలిపి లెక్కవేసి "మీది 35 రాలేదు" అంటే ఆ డాక్టరుకు అన్యాయం. అలాగని అసలు లెక్కే వద్దనడమూ సరికాదు. వయసు దాటినవారిని వేరుగా తీసి, ఏటికేడాది తన అంకెతో తననే పోల్చుకోవచ్చు.

చిన్న ఆసుపత్రులకు ఇంకొక చిక్కు ఉంది. నెలకు పది పరీక్షలు జరిగే చోట ఒక్కరికి పాలిప్ దొరికితే 10 శాతం, ఇద్దరికి దొరికితే 20 శాతం. అది చూసి ఈ నెల పని రెట్టింపు బాగుందనుకుంటే పొరపాటు. కనీసం ఏడాది లెక్క చూడాలి. కానీ చివరి వరకు చేరిన శాతం, వెనక్కి తీసిన సమయం, ప్రేగు శుభ్రత, ఈ మూడూ ఏ దేశంలోనైనా ఒకటే. సీకం అమెరికా వారికి ఉన్నచోటే మనకూ ఉంది.

అడినోమా లెక్క సరిగా రావాలంటే ఇంకొక చిన్న పని జరగాలి. అది డాక్టరు చేతిలో లేదు, నర్సు చేతిలో ఉంది. తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు రాసి, ల్యాబుకు పంపుతాము. అది అడినోమానా, మామూలు కండా అన్నది ల్యాబు రిపోర్టు వస్తేనే తెలుస్తుంది. ఆ రిపోర్టు నేరుగా రోగి చేతికి వెళ్ళి, మళ్ళీ ఎండోస్కోపీ రిజిస్టరులోకి రాకపోతే ఆ గడి ఖాళీగానే ఉంటుంది. చాలా చోట్ల అంకెలు లేకపోవడానికి కారణం పని జరగక కాదు, ఈ గడి నింపక.

అంకెకు మోసమూ ఉంటుందని తెలుసుకోండి. ఒక పాలిప్ దొరికితే చాలు, ఆ రోగి లెక్కలో చేరిపోతారు. రెండోది, మూడోది వెతకకపోయినా అంకె తగ్గదు. ఎనిమిది నిమిషాలు గడియారంలో గడిపినంత మాత్రాన గోడ మడతలు చూసినట్టు కాదు. అందుకే ఒక్క అంకెను పట్టుకుని ఎవరినీ మెచ్చుకోవద్దు, తీసిపారేయవద్దు. కంప్యూటరు సహాయంతో పాలిప్స్ గుర్తించే యంత్రాల ప్రకటనలు ఇప్పుడు వస్తున్నాయి. అవి సాయపడతాయి. కాని పోలండ్‌లో అటువంటి యంత్రానికి అలవాటు పడిన డాక్టర్లు అది లేకుండా చేసినప్పుడు, అడినోమా కనుగొన్న శాతం 28 నుంచి 22కు పడిపోయిందని 2025లో తెలిసింది. కంటికి అభ్యాసం తప్పితే ఏ యంత్రం ఉన్నా కష్టమే.

సగం పని మీ ఇంట్లోనే

ఇప్పుడు మేము అసలు చెప్పదలచిన చోటికి వచ్చాము. ఎంత మంచి డాక్టరైనా, ఎంత ఖరీదైన యంత్రమైనా, ప్రేగులో మలం ఉంటే గోడ కనబడదు. శుభ్రతకు కూడా మార్కులు ఉన్నాయి. ప్రేగును మూడు భాగాలు చేసి ఒక్కొక్క భాగానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేస్తారు. మొత్తం తొమ్మిది. దీనిని బోస్టన్ స్కేలు అంటారు. ప్రతి భాగానికీ కనీసం రెండు వస్తేనే ఆ పరీక్షను నమ్మవచ్చు. నూటికి తొంభైమందిలో ప్రేగు ఇలా శుభ్రంగా ఉండాలన్నది విభాగానికి పెట్టిన లక్ష్యం. ఈ మార్కులు డాక్టరుకు కాదు, ఇంటి దగ్గర జరిగిన తయారీకి.

పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఉన్న ఆహారం మానండి. గోంగూర, తోటకూర, ములక్కాడలు, వంకాయ, టమాటా, జామకాయ, నువ్వుల పొడి, పొట్టుపప్పు వద్దు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, గుడ్డు పరవాలేదు. గోంగూర పచ్చడి లేకుండా మూడు రోజులా అని మా గుంటూరు వారు మొహం చిట్లిస్తారు. మూడు రోజులేనండి. ఐరన్ మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడిగి వారం ముందే ఆపాలి. అవి మలాన్ని నల్లగా, బంకగా చేసి గోడకు అంటిపెడతాయి. ముందు రోజు తేట పదార్థాలే తీసుకోవాలి. కొబ్బరి నీళ్ళు, వడగట్టిన నిమ్మరసం, పాలు లేని టీ, పైపైన తీసిన చారు తేట. రాగి జావ, మజ్జిగ, పాలు తేట పదార్థాలు కావు. ఈ తేడా తెలియక "మేమేమీ తినలేదమ్మా, జావే తాగాము" అనేవారు చాలామంది. ఎర్రగా, ఊదాగా ఉండే షర్బతులు కూడా వద్దు. లోపల రక్తంలా కనబడతాయి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్, రక్తం పలచబడటానికి వేసుకునే మందులు, బి.పి. మందులు వీటి సంగతి తప్పక ముందే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు, మీ అంతట మీరు వేసుకోవద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి విరేచనాల పొడి రకం కూడా మారుతుంది.

విరేచనాల పొడిని నీళ్ళలో కలిపి ఇస్తాము. దానిని రెండు సగాలుగా తాగాలి. మొదటి సగం ముందు రోజు సాయంత్రం, రెండవ సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. పరీక్షకు రెండు గంటల ముందుకల్లా తాగడం ముగించాలి. అంతా ముందు రోజే తాగేస్తే రాత్రి చిన్నప్రేగు నుంచి దిగే పసరు, మిగిలిన మలం కుడివైపు గోడ మీద పూతలా పరుచుకుంటాయి. తేలికగా తప్పిపోయే చదును పాలిప్స్ ఎక్కువగా ఉండేది ఆ కుడివైపే. రెండవ సగం తాగని రోగికి మేము చేసిన పరీక్ష సగం పరీక్షే.

ఈ రెండవ సగమే మన ప్రాంతం వారికి కష్టమని మాకు తెలుసు. రేపల్లె నుంచి తెనాలికి రైలులో సుమారు గంట. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళినా రైలు దారి మాత్రం తెనాలికే. లంకల నుంచి వచ్చేవారు ఆటో ఎక్కి రేపల్లె చేరడానికే ఒక గంట. ఉదయం తొమ్మిదికి పరీక్ష అంటే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు మందు తాగి, నీళ్ళ విరేచనాలతో ఆటోలో, బస్సులో కూర్చోవాలి. ఆడవారికి మరీ ఇబ్బంది. అందుకని చాలామంది మాకు చెప్పకుండా రెండవ సగం పారబోసి వస్తారు. వారిని మేము తప్పుపట్టము. అయితే పారబోసే ముందు ఒక ఫోను చేయండి. దూరం వారికి మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష పెడితే రెండవ సగం ఉదయం ఎనిమిదికల్లా ఆసుపత్రికి వచ్చి ఇక్కడే తాగవచ్చు. లేదా ముందు రోజు సాయంత్రమే తెనాలిలో బంధువుల ఇంటికి వచ్చి ఉండండి. బాపట్ల వారు కూడా బండి సమయం చూసుకుని మాకు ముందే చెబితే దానికి తగ్గట్టు వేళ మారుస్తాము. ఏ ఆసుపత్రిలోనైనా ఈ మాట అడిగే హక్కు మీకు ఉంది. మొదటి పరీక్ష పాడై ఏడాది లోపు రెండోసారి చేయించుకోవడం కన్నా ఒక ఫోను నయం కదా.

తయారీ సరిగా జరిగిందో లేదో మీకే తెలుస్తుంది. చివరిసారి విరేచనం పసుపు రంగు నీళ్ళలా, అడుగు కనబడేటంత తేటగా ఉండాలి. బురద నీళ్ళలా ఉంటే వచ్చీ రాగానే సిస్టరుకు చెప్పండి. సిగ్గుపడవద్దు.

గొట్టం శుభ్రత

ఇది అంకెల్లో కనబడదు గాని మా నర్సింగ్ విభాగం పూర్తి బాధ్యత. ఒకరికి వాడిన గొట్టాన్ని మరొకరికి వాడే ముందు, అది ఆరకముందే సబ్బు ద్రావణంతో తుడిచి, లోపలి సన్నని దారులన్నీ బ్రష్‌తో తోమి, కడిగి, క్రిమిసంహారక ద్రావణంలో నిర్ణీత సమయం నానబెట్టి, మళ్ళీ కడిగి ఆరబెట్టాలి. బ్రష్‌తో తోమకుండా ఎంతసేపు నానబెట్టినా ప్రయోజనం లేదు. నానబెట్టే ద్రావణం బలం తగ్గిందో లేదో పట్టీతో పరీక్షించి తారీఖుతో రాయాలి. ఏ గొట్టం ఏ రోగికి వాడారో రిజిస్టరులో ఉండాలి. వరుసగా ఒకే గొట్టంతో హడావిడిగా ఎక్కువ పరీక్షలు జరుగుతున్న చోట, మధ్యలో ఇదంతా చేసే సమయం ఎక్కడిదని అడగడంలో తప్పు లేదు.

రిపోర్టు చదవడం

మీ రిపోర్టును ఇంటికి తీసుకువెళ్ళి చదువుకున్న పిల్లల చేత చదివించండి. గొట్టం సీకం వరకు వెళ్ళినట్టు రాసి ఉందా? అపెండిక్స్ ద్వారం కనబడే ఫొటో అంటించి ఉందా? ఊరికే "పూర్తిగా చూశాము" అని రాయడం కన్నా ఆ ఫొటో గట్టి ఆధారం. ప్రేగు శుభ్రత గురించి మాటో, మార్కులో ఉన్నాయా? వెనక్కి తీసిన సమయం రాశారా? పాలిప్ తీస్తే ఎక్కడ, ఎంత పరిమాణం, ఎలా తీశారు, ముక్క ల్యాబుకు వెళ్ళిందా? మళ్ళీ ఎప్పుడు రావాలి?

ఒక సంఘ కుటుంబం వారు వేరే ఊరిలో చేయించిన రిపోర్టు తెచ్చారు. కింద నార్మల్ అని పెద్ద అక్షరాలతో ఉంది. పైన చిన్న అక్షరాలతో, శుభ్రత సరిగా లేదనీ గొట్టం ప్రేగు మధ్యభాగం వరకే వెళ్ళిందనీ రాసి ఉంది. ఆ డాక్టరు అబద్ధం రాయలేదు. చూసినంత మేర నార్మల్. కానీ ఆ పెద్దాయనకు రక్తహీనత తగ్గలేదు, చూడని భాగం అలాగే ఉంది. మళ్ళీ చేయించుకొమ్మని పంపాము. అటువంటి రిపోర్టు ఉన్నవారు ఈ రోజే బయటకు తీయండి.

డాక్టరును అడగడం అమర్యాద అనుకుంటారు మనవాళ్ళు. "అయ్యా, గొట్టం చివరిదాకా వెళ్ళిందాండీ? ప్రేగు శుభ్రంగా ఉందాండీ?" అని అడగండి. మంచి డాక్టరు సంతోషిస్తారు. మత్తులో ఉన్నప్పుడు చెప్పినది మీకు గుర్తుండదు కాబట్టి వెంట వచ్చినవారు అడగాలి.

మా మనవి ఒకటి

మన తెలుగు డాక్టరు, హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వ్యవస్థాపకులు డి. నాగేశ్వర్ రెడ్డి గారు మీకు తెలిసే ఉంటారు. 2025లో పద్మవిభూషణ్ పొందారు. ఆయన లోగడ అధ్యక్షులుగా పనిచేసిన ప్రపంచ ఎండోస్కోపీ సంస్థ, పరీక్షలో లేదన్న క్యాన్సర్ ఆరు నెలలు దాటి మూడేళ్ళ లోపు బయటపడితే దానిని ఎలా లెక్కించాలో 2018లో పద్ధతి ఇచ్చింది. ఈ లెక్క అన్నిటికన్నా గట్టిది. మన దగ్గర అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. తెనాలిలోనో గుంటూరులోనో పరీక్ష చేయించుకున్న మనిషికి రెండేళ్ళకు జబ్బు బయటపడితే విజయవాడకో, హైదరాబాదుకో, చెన్నైకో వెళతారు. మొదట పరీక్ష చేసిన విభాగానికి ఆ కబురే చేరదు. వారు తమ పని బాగుందనుకుంటూనే ఉంటారు.

కనుక మీ ఇంట్లో అలా జరిగి ఉంటే, పరీక్ష ఎక్కడ జరిగిందో అక్కడికి రెండు రిపోర్టుల నకళ్ళు పంపండి. మా దగ్గర జరిగినదైతే నర్సింగ్ ఆఫీసులో ఇవ్వండి. ఆ పాత ఫొటోలు, రిజిస్టరు తీసి డాక్టరుతో కలిసి చూస్తాము, ఏమి తప్పిపోయిందో మీకు చెబుతాము.

పరీక్ష తరువాత

ఈ పరీక్షలో ప్రేగుకు రంధ్రం పడటం అరుదు. లక్షణాలు లేనివారికి చేసే పరీక్షల్లో వెయ్యికి ఒకటి కన్నా తక్కువ ఉండాలన్నది ప్రమాణం. పాలిప్ తీసిన చోట రక్తస్రావం నూటికి ఒకటి లోపు ఉండాలి. అది రెండు వారాల వరకు కూడా రావచ్చు. పరీక్ష రోజు కొంచెం ఉబ్బరం, గ్యాసు మామూలే. కడుపు గట్టిపడి నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, గడ్డలుగా రక్తం పడినా రాత్రయినా ఆగకుండా రండి. మీ ఊరి ఆర్.ఎం.పి. దగ్గర నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని తెల్లవారేదాకా చూడవద్దు.

మత్తు ఇచ్చిన రోజు మోటారు సైకిలు నడపవద్దు, పొలం మోటారు దగ్గరకు వెళ్ళవద్దు, నోట్లు, దస్తావేజుల మీద సంతకాలు పెట్టవద్దు. తోడు లేకుండా వచ్చినవారికి మత్తు ఇవ్వము. ముక్క తీసిన వారందరూ ల్యాబు రిపోర్టు కోసం డాక్టరు చెప్పిన రోజున రండి. రాలేనివారు ఎండోస్కోపీ గది సిస్టరుకు ఫోను నంబరు రాసి ఇచ్చి వెళ్ళండి, రిపోర్టు రాగానే మేమే కబురు చేస్తాము.